పాత డీవీడీ, బ్లూ-రే, 4కే: అండర్‌గ్రౌండ్ హారర్ సినిమాలకు ఏ డిస్క్ మేలు?

ఒక పెద్ద స్టూడియో సినిమా డీవీడీగానూ, బ్లూ-రేగానూ, 4కే డిస్కుగానూ దొరుకుతున్నప్పుడు ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు సులువు. టీవీ పెద్దదై, చేతిలో డబ్బుంటే 4కే కొనుక్కోవచ్చు. కానీ సూపర్ 8 అనే చిన్న ఫిల్మ్ కెమెరాతోనో, ఇళ్లలో వాడే వీడియో కెమెరాతోనో తీసి, సెన్సారు కత్తెరకు గురై, కొన్ని దేశాల్లో నిషేధం పాలై, చివరకు ఏదో ఒక చిన్న లేబుల్ (డిస్కులు వేసే సంస్థ) పుణ్యమా అని బతికి బయటపడిన అండర్‌గ్రౌండ్ హారర్ సినిమాల విషయంలో ఆ జవాబు చాలాసార్లు తప్పుతుంది. ఏళ్ల తరబడి ఈ సినిమాలను కూడబెట్టుకున్నాక నాకు తేలిందేమిటంటే, పెట్టె మీది అంకెను అన్నిటికన్నా చివర చూడాలి. సినిమాను దేని మీద తీశారు, డిస్కులో ఉన్నది కోతల్లేని ప్రతేనా, అది మన ప్లేయర్‌లో ఆడుతుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఆ అంకెకు విలువ.

ముందు ఆ అంకెల సంగతి చూద్దాం. డీవీడీలో బొమ్మ అమెరికా పద్ధతిలో 720×480 చుక్కలు, ఐరోపా పద్ధతిలో 720×576 చుక్కలు ఉంటుంది; ఒక పొర డిస్కులో 4.7 జీబీ, రెండు పొరల డిస్కులో 8.5 జీబీ పడుతుంది. బ్లూ-రేలో బొమ్మ 1920×1080, చోటు 25 లేక 50 జీబీ. 4కే డిస్కులో బొమ్మ 3840×2160, చోటు 50, 66 లేక 100 జీబీ. రంగుల్లో, వెలుగునీడల్లో సూక్ష్మమైన తేడాలు చూపగల హెచ్‌డీఆర్ కూడా దీనికే ఉంది. ఇవన్నీ గిన్నెల కొలతలు మాత్రమే. బావిలో ఉన్న నీళ్లే కదా బొక్కెనలోకి వచ్చేది.

వీడియో మీద తీసిన సినిమాల దగ్గర ఈ సంగతి బాగా తెలుస్తుంది. జపాన్‌లో 1985లో మొదలైన గినీ పిగ్ వరుసలోని తొలి చిత్రాలనూ, అమెరికాలో ఫ్రెడ్ వోగెల్ 2001లో తీసిన ఆగస్ట్ అండర్‌గ్రౌండ్‌నూ తీసుకోండి. రెండో సినిమా ఒక హంతకుడి ఇంట్లో దొరికిన టేపులా కనిపించాలని, బొమ్మను కావాలనే పాడు చేసి తయారు చేశారు. దాని మూలంలోనే లేని వివరాన్ని ఏ 4కే డిస్కూ తెచ్చిపెట్టలేదు. అలాగని ఇలాంటి వాటికి డీవీడీయే చాలునని కూడా అనను. పాత టేపు బొమ్మలో అనుక్షణం కదిలే గరగర ఉంటుంది. దాన్ని కుదించడం చాలా కష్టం కాబట్టి, తక్కువ చోటున్న డీవీడీలో అది చదరపు మచ్చలుగా విడిపోతుంది. చోటు ఎక్కువున్న బ్లూ-రేలో అదే గరగర గరగరలాగే నిలుస్తుంది. అంటే వీడియో మీద తీసిన సినిమాకు బ్లూ-రే వల్ల ఒనగూరే మేలు బొమ్మ పెద్దదవడం కాదు, ఉన్న బొమ్మ చెడిపోకుండా ఉండడం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అమెరికా, జపాన్ వీడియో కెమెరాలు సెకనుకు 60 అర ఫ్రేములను, సరి గీతలూ బేసి గీతలూ విడివిడిగా నమోదు చేసేవి. వాటిని బ్లూ-రే కోసం పూర్తి ఫ్రేములుగా కలిపేటప్పుడు పనిలో శ్రద్ధ లేకపోతే, కదిలే అంచుల మీద దువ్వెన పళ్లలాంటి గీతలు పడతాయి, లేదా కదలికలో సగం పోయి వీడియోకు సహజమైన ఆ జారుడు నడక మాయమవుతుంది. ఈ సినిమాల భయమంతా 'ఇది ఎవరో ఇంట్లో తీసిన టేపు' అన్న నమ్మకం మీదే నిలబడింది కాబట్టి, ఆ నడక పోతే సినిమాలో సగం పోయినట్లే. అలాంటి బ్లూ-రే కన్నా, అర ఫ్రేములను ఉన్నవున్నట్లు ఉంచిన పాత డీవీడీ నిస్సందేహంగా మేలు.

ఫిల్మ్ మీద తీసిన సినిమాల లెక్క వేరు. యోర్గ్ బుట్‌గెరైట్ 1987లో పశ్చిమ బెర్లిన్‌లో తీసిన నెక్రోమాంటిక్ సూపర్ 8 ఫిల్మ్ మీద తీసినది. ఆ ఫిల్మ్ మొత్తం వెడల్పే 8 మిల్లీమీటర్లు. అందులో పక్క రంధ్రాలకు పోగా బొమ్మకు మిగిలేది ఆరు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 2014లో అమెరికాలో వచ్చిన బ్లూ-రేకు అసలు సూపర్ 8 నెగటివ్ నుంచే బొమ్మను తీశారు. దానితోపాటు, ఉన్న ఒకే ఒక 35 ఎంఎం ప్రింటు నుంచి తీసిన రెండో రూపాన్ని కూడా అందులో చేర్చారు. ఇలా రెండూ పక్కపక్కన పెట్టడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే మొదటిది దర్శకుడి చేతిలోని సినిమాను, రెండోది ఆనాటి హాలులో ప్రేక్షకుడు చూసిన సినిమాను చూపిస్తాయి. సూపర్ 8 బొమ్మలోని వివరమంతా బ్లూ-రేలో హాయిగా ఇముడుతుంది. ఆ కొలతలో తీసిన సినిమాకు 4కే డిస్కు కోసం అదనంగా డబ్బు పెట్టవలసిన పని లేదని నా అభిప్రాయం.

16 ఎంఎం సినిమాల విషయంలో నేను అంత గట్టిగా చెప్పలేను. 1974 నాటి ది టెక్సస్ చైన్ సా మ్యాసకర్‌ను 16 ఎంఎం మీద తీశారు; దాని 40 ఏళ్ల సందర్భంగా 2014లో 4కే పునరుద్ధరణ జరిగింది. అందులో వివరం కన్నా ముఖ్యమైనది రేణువు, అంటే ఫిల్మ్ బొమ్మలో సహజంగా కనిపించే సన్నని చుక్కలు. ఎండ, దుమ్ము, చెమట కలిసిన ఆ బొమ్మలో ఫిల్మ్ రేణువులు చర్మం లాంటివి. వాటిని మరకలనుకొని కంప్యూటరుతో తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. మంచి 4కే డిస్కు ఈ రేణువును నలగకుండా చూపుతుంది, మంచి బ్లూ-రే దానికి చాలా దగ్గరగా వస్తుంది, తుడిచేసిన బ్లూ-రే మాత్రం పాత డీవీడీ కన్నా హీనం.

35 ఎంఎం మీద, అందులోనూ రంగుల మీద బతికే సినిమా అయితే 4కే గెలుపుకు తిరుగులేదు. డారియో అర్జెంటో 1977 నాటి సస్పీరియాను ఛాయాగ్రాహకుడు లూచానో తొవోలీ పర్యవేక్షణలో కెమెరా నెగటివ్ నుంచి పునరుద్ధరించారు. ఆ ఎరుపు, ఆ నీలం పాత డీవీడీల్లో ఒకదానిలోకి ఒకటి ఒలికిపోయేవి. హెచ్‌డీఆర్‌లో గోడ మీది ఎరుపు కూడా ఛాయలుగా విడివిడిగా కనిపిస్తుంది. ఈ ఒక్క రకం సినిమాకు మాత్రం డబ్బు కూడబెట్టుకొనైనా 4కే కొనమంటాను.

రెండో ప్రశ్న కోతల గురించి. సేకరణకర్తకు బొమ్మ నాణ్యత కన్నా ఇదే పెద్దదని నేను నమ్ముతాను. బ్రిటన్‌లో 1980లలో ప్రాసిక్యూషన్ విభాగం 'వీడియో నాస్టీస్' అనే పేరు పడిన 72 సినిమాల జాబితా తయారు చేసింది, వాటిలో 39 సినిమాల మీద కేసులు నెగ్గింది. 1984 వీడియో రికార్డింగ్స్ చట్టంతో దాదాపు ప్రతి వీడియోకూ బీబీఎఫ్‌సీ (బ్రిటన్ సెన్సారు బోర్డు) ధ్రువపత్రం తప్పనిసరైంది. ఆ కాలపు కోతలు తర్వాతి డిస్కుల్లోనూ కొనసాగాయి. రుజ్జేరో దేవోదాతో 1980లో తీసిన క్యానిబల్ హోలోకాస్ట్ బ్రిటన్‌లో 2001లో సుమారు ఆరు నిమిషాల కోతతో బయటికి వచ్చింది, 2011లో ఆ కోత 15 సెకన్లకు తగ్గింది. 2011లోనే ది హ్యూమన్ సెంటిపీడ్ 2కు బోర్డు మొదట ధ్రువపత్రం నిరాకరించి, తర్వాత 2 నిమిషాల 37 సెకన్ల కోతలతో అనుమతించింది. జర్మనీలోనూ ఇలాంటి కట్టుబాట్లున్నందున, అక్కడి సేకరణకర్తలు కోతల్లేని ప్రతుల కోసం ఆస్ట్రియాలో వచ్చే పుస్తకం లాంటి మీడియాబుక్ ఎడిషన్ల వైపు చూస్తారు. కాబట్టి కోతలు పడిన బ్లూ-రేకూ, కోతల్లేని పాత డీవీడీకీ మధ్య ఎంచుకోవలసి వస్తే, బొమ్మ మసకగా ఉన్నా డీవీడీనే తీసుకోవాలి.

కానీ నిడివి చూసి కోత పడిందని తొందరపడకూడదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను ఐరోపా డీవీడీలు 25 ఫ్రేములతో నడుపుతాయి కాబట్టి, 90 నిమిషాల సినిమా అక్కడ 86 నిమిషాల 24 సెకన్లకే ముగుస్తుంది. ఒక్క ఫ్రేమైనా పోకుండానే మూడున్నర నిమిషాలు తగ్గుతాయి. ఈ లెక్క తెలియక పూర్తి ప్రతిని కోత ప్రతి అనుకొని అమ్మేసుకున్నవారు నాకు తెలుసు.

క్యానిబల్ హోలోకాస్ట్ గురించి ఒక మాట దాటవేయలేను. అందులో జంతువులను నిజంగానే చంపారు. 2014లో వచ్చిన అమెరికా బ్లూ-రేలో ఆ దృశ్యాలు లేకుండా చూసే వీలును విడిగా ఇచ్చారు. పూర్తి ప్రతి భద్రంగా ఉండడమూ అవసరమే, ఆ హింసను చూడకుండా ఉండే హక్కు ప్రేక్షకుడికి ఉండడమూ అవసరమే. ఒకే డిస్కులో ఆ రెండింటినీ ఇచ్చిన ఆ ఎడిషన్‌ను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఇలాంటి సినిమాలకు అదనపు అంశాలు అలంకారం కావు. గినీ పిగ్ వరుసలో చిత్రకథల రచయిత హిదేషి హినో తీసిన ఫ్లవర్ ఆఫ్ ఫ్లెష్ అండ్ బ్లడ్‌ను 1991లో చూసిన నటుడు చార్లీ షీన్, నిజంగా హత్య జరిగిందని నమ్మి ఫిర్యాదు చేయగా, అది ఎఫ్‌బీఐ దాకా వెళ్లింది. ఆ దృశ్యాలను ఎలా తయారు చేశారో చూపే చిత్రం అంతకుముందే వచ్చింది. నకిలీ చర్మం, గొట్టాలు, రంగు నీళ్లు చూశాక ఆ సినిమా మీద భయం తగ్గి, చేసినవారి పనితనం మీద గౌరవం పెరుగుతుంది. పాత డీవీడీలోని ఇలాంటి అంశాలు హక్కుల చిక్కుల వల్ల కొత్త ఎడిషన్‌లోకి రాకపోవడం తరచూ జరుగుతుంది. అందుకే కొత్త బ్లూ-రే కొన్న రోజే పాత డీవీడీని అమ్మేయకండి. రెండింటి విషయసూచికలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్న తర్వాతే ఆ నిర్ణయం తీసుకోండి.

మన దగ్గర కొనేవారికి అసలు చిక్కు రీజియన్‌తో, అంటే ఏ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే విభజనతో వస్తుంది. డీవీడీలకు భారత్ 5వ రీజియన్, అమెరికా 1, బ్రిటన్, జపాన్ 2. బ్లూ-రేలకు భారత్ సి, అమెరికా, జపాన్ ఎ, బ్రిటన్ బి. ఈ రకం సినిమాలను శ్రద్ధగా వేసే లేబుళ్లు ఎక్కువగా అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నందున, రీజియన్ తాళం వేసిన వారి బ్లూ-రే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న మామూలు ప్లేయర్‌లో ఆడదు. 4కే డిస్కులకు మాత్రం దాదాపుగా రీజియన్ తాళం ఉండదు. కాబట్టి బొమ్మ కోసం 4కే అక్కర్లేని సినిమాకు కూడా, రీజియన్ కోసం 4కే కొనడం సమంజసం కావచ్చు. అయితే అదే పెట్టెలో ఉండే బ్లూ-రేకూ, అదనపు అంశాల డిస్కుకూ తాళం ఉండవచ్చునని మరవకండి. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇబ్బంది ఇంకో వైపు నుంచి వస్తుంది: అక్కడి ప్లేయర్లు చాలావరకు ఐరోపా పద్ధతి డీవీడీలను ఆడించవు, మన దగ్గర అమ్మే ప్లేయర్లు ఆడిస్తాయి. పది డిస్కులు కొనే డబ్బుతో ముందు అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ ఒకటి కొనడం మంచిదని నేను ఎవరికైనా చెబుతాను. ఓప్పో 2018లో, శాంసంగ్ 2019లో కొత్త ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకున్నాయి కాబట్టి, ఈ పనిని వాయిదా వేయడం మంచిది కాదు.

తెప్పించుకునేటప్పుడు కస్టమ్స్ సంగతీ గుర్తుంచుకోవాలి. అధికారి అశ్లీలమని భావిస్తే పార్సిల్ ఆగిపోవచ్చు, సుంకం వేరే. ఒకేసారి పెద్ద పెట్టె తెప్పించుకోవడం కన్నా విడివిడిగా తెప్పించుకోవడం నష్టాన్ని తగ్గిస్తుంది.

అచ్చు వేసిన డిస్కా, రాసిన డిస్కా అన్నది మరో పోలిక. చిన్న దర్శకులు స్వయంగా అమ్మేవాటిలో చాలా భాగం కంప్యూటర్‌లో రాసిన డీవీడీ-ఆర్‌లే. అచ్చు డిస్కులో సమాచారం లోహపు పొర కింది ప్లాస్టిక్‌లో గుంటలుగా ఉంటుంది, రాసిన డిస్కులో రంగు పూత మీద ఉంటుంది. వేడికీ వెలుతురుకూ ఆ పూత త్వరగా చెడుతుంది. అడుగు భాగం వెండిలా మెరిస్తే అచ్చు డీవీడీ, ఊదా రంగు తిరిగితే రాసినదని గుర్తు. విదేశంలో ఒక అమ్మకందారు దగ్గర కొన్న సినిమా ఒకటి, బీరువాలో కదపకుండా ఉంచినా, ఆరో ఏటికి మధ్యలో ఆగిపోయింది. ఆ దర్శకుడు మళ్లీ దాన్ని విడుదల చేయలేదు. రాసిన డిస్కు చేతికి వచ్చిన రోజే ఒక నకలు తీసి హార్డ్ డిస్కులో పెట్టుకోవాలని నాకు ఆ రోజే అర్థమైంది.

పరిమిత ఎడిషనా, మామూలు ఎడిషనా అన్నదాని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. లోపలి డిస్కు చాలాసార్లు ఒకటే. తేడా అట్టపెట్టె, పుస్తకం, పోస్టరు. పుస్తకంలో మంచి వ్యాసాలుంటే తప్ప నేను మామూలుదే కొంటాను. మన తేమలో ఆ అట్టలకు బూజు పట్టకుండా చూడడం కూడా వేరే పని.

మన సొంత హారర్ సినిమాల దగ్గరికి వచ్చేసరికి ఈ పోలికలన్నీ తలకిందులవుతాయి. రామ్‌సే సోదరుల 1984 నాటి పురానా మందిర్, 1990 నాటి బంద్ దర్వాజా చిత్రాలను శ్రద్ధగా డిస్కు మీదికి తెచ్చింది మోండో మకాబ్రో అనే విదేశీ లేబుల్. తెలుగు హారర్‌కు నాకు తెలిసి అలాంటి ఆదరణ దక్కలేదు. మోజర్ బేర్ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మిన రోజుల్లో కొన్న కొన్ని పాత తెలుగు సినిమాలు నా దగ్గర ఇప్పటికీ 352×288 చుక్కల వీసీడీలుగానే ఉన్నాయి. వాటికి బదులుగా కొనడానికి వేరే డిస్కు ఎంత వెతికినా నాకు దొరకలేదు. మీ ఇంట్లో అటక మీద అలాంటివి ఉంటే, ఈ వారంలోనే దింపి, మెత్తని గుడ్డతో లోపలి నుంచి అంచు వైపు తుడిచి, పని చేస్తున్న కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి నకలు తీయండి.