కాలేజీ ఎంత దూరం? గుణుపురం నుంచి క్యూజీఐఎస్ సమీక్ష

మా గుణుపురం ఉన్న ఒడిశా రాయగడ జిల్లాలోని పదకొండు బ్లాకుల్లో ఏ పల్లె పిల్లలు ప్లస్ టూ, అంటే ఇంటర్, అయ్యాక రోజూ ఇంటి నుంచే వెళ్లి ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, చదువుకోగలరో, ఎవరికి హాస్టలో అద్దె గదో చూసుకోక తప్పదో ఒక పటం మీద చూపించాలని నేను, నా పూర్వ విద్యార్థులు ఇద్దరు కలిసి ఆరు నెలలుగా పని చేస్తున్నాము. మేము వాడిన సాధనం క్యూజీఐఎస్. పటాలు తయారు చేసే ఈ సాఫ్ట్‌వేర్‌ను గ్యారీ షెర్మన్ 2002లో ప్రారంభించారు. క్వాంటమ్ జీఐఎస్ అన్న పాత పేరు 2013లో 2.0 వెర్షన్‌తో క్యూజీఐఎస్‌గా మారింది. దీనికి రుసుము లేదు, లైసెన్సు గడువు లేదు. విండోస్ మీద, లినక్స్ మీద ఒకేలా నడుస్తుంది. రోడ్ల సమాచారాన్ని 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అందువల్ల మాకు అయిన ఖర్చు ఇంటర్నెట్ డేటాకూ, చివర్లో పెద్ద కాగితం మీద అచ్చు వేయించడానికీ మాత్రమే.

కాలేజీ అందుబాటును పటంతో కొలిచే పద్ధతికి అమెరికా కమ్యూనిటీ కాలేజీల నేపథ్యం ఉంది. 1901లో జోలియెట్‌లో తొలి ప్రభుత్వ జూనియర్ కాలేజీ పుట్టిన నాటి నుంచి ఆ కాలేజీల ప్రధాన ఉద్దేశం స్థానికులకు దగ్గరలో, తక్కువ ఖర్చుతో చదువు అందించడమే. ఒక్క కాలిఫోర్నియాలోనే ఇలాంటివి 116 ఉన్నాయి. వాటిలో చాలావరకు అర్హత పరీక్షలూ కటాఫులూ లేకుండా చేర్చుకుంటాయి కనుక విద్యార్థికి అడ్డుపడేది ముఖ్యంగా దూరం, ప్రయాణ సమయం. క్యాంపస్ చుట్టూ అరగంట, ముప్పావుగంట పరిధి గీసి, అందులో ఏ ఆదాయ వర్గాలు, ఏ జాతులవారు ఉన్నారో, బయట ఎవరు మిగిలారో చూస్తే సమానత్వం లెక్క చాలావరకు తేలిపోతుంది. మన దగ్గర కాలేజీ తలుపు దాకా వెళ్లడం ఒక సంగతి, లోపల సీటు దొరకడం వేరే సంగతి. ఈ తేడాను గుర్తు పెట్టుకోకుండా అక్కడి పద్ధతిని యథాతథంగా దించుకుంటే పటం అందంగా వస్తుంది కానీ అబద్ధం చెబుతుంది.

మేము మొదట చేసినది అందరూ చేసే పనే. ప్రతి కాలేజీ చుట్టూ 30 కిలోమీటర్ల బఫర్, అంటే వృత్తం, గీశాము. అలాంటి ఒక వృత్తం వైశాల్యం సుమారు 2,827 చదరపు కిలోమీటర్లు. రాయగడ జిల్లా మొత్తం 7,073 చదరపు కిలోమీటర్లే కాబట్టి మూడు వృత్తాలతో జిల్లా అంతటికీ కాలేజీ అందినట్టే కాగితం మీద కనిపిస్తుంది. అయితే బిస్సం కటక్ దగ్గర గీసిన వృత్తం నియమగిరిని దాటి కలహండి జిల్లాలోని లాంజిగఢ్‌ను కూడా కలుపుకుంటుంది. ఆ కొండల మీద డోంగ్రియా కొంధు గిరిజనుల పల్లెల నుంచి పిల్లవాడు కాలిబాటన దిగి రోడ్డెక్కాలన్న సంగతి వృత్తానికి తెలియదు. వంశధార నది అవతలి ఒడ్డున ఉన్న ఊరికి వంతెన ఎంత దూరాన ఉందో కూడా దానికి తెలియదు. ఈ బఫర్ సాధనాన్ని మా పని వరకు పనికిరానిదిగానే లెక్కగడతాను.

క్యూజీఐఎస్ విలువ తెలిసేది ప్రాసెసింగ్ టూల్‌బాక్సులోని నెట్‌వర్క్ అనాలిసిస్ విభాగానికి వచ్చాక. అక్కడి సర్వీస్ ఏరియా అనే సాధనం రోడ్ల వెంబడే లెక్క కట్టి, ఇచ్చిన సమయంలో కాలేజీ నుంచి ఎంత దూరం పోగలమో గీసి చూపిస్తుంది. దీన్ని వాడేవారు రెండు విషయాలు ముందుగా తెలుసుకోవాలి. వేగం మనం చెప్పకపోతే అది గంటకు 50 కిలోమీటర్లుగా తీసుకుంటుంది. కొండ మలుపుల మీద ఆ వేగంతో పోయే బస్సును నేనింతవరకు చూడలేదు. అందుకని మేము బస్సుల్లో కూర్చుని గడియారం చూసుకుని, మెయిన్ రోడ్డుకు 40, ఘాట్ రోడ్డుకు 20, పంచాయతీ దారికి 15 అని వేగాల కాలమ్ ఒకటి తయారు చేసుకున్నాము. రెండవది, సమయాన్ని గంటల్లో ఇవ్వాలి. మా కుర్రవాడు నిమిషాలనుకుని 60 అని వేశాడు. లెక్క పూర్తయ్యేసరికి మేము దించుకున్న రోడ్లన్నీ, చివరి కాలిబాటతో సహా, రంగు మారిపోయాయి. పైగా ఫలితం ప్రాంతంగా కాక గీతలుగా వస్తుంది. రంగు నింపిన పటం కావాలంటే ఆ గీతల మీద మరో సాధనాన్ని నడపాలి, లేదా క్యూనీట్3 అనే ప్లగిన్, అంటే అదనపు సాధనం, పెట్టుకోవాలి.

కొలతల విషయంలో మా ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దించుకున్న సమాచారం సాధారణంగా అక్షాంశ రేఖాంశాల్లో, అంటే డిగ్రీల్లో ఉంటుంది. అందులో 25 అని వేస్తే అది 25 కిలోమీటర్లు కాదు, 25 డిగ్రీలు. గుణుపురం చుట్టూ నేను గీసిన మొదటి వృత్తం శ్రీలంకను దాటి హిందూ మహాసముద్రంలోకి వెళ్లింది. తప్పు పూర్తిగా నాదే. దీన్ని తప్పించుకోవడానికి మీటర్లలో కొలిచే యూటీఎం జోన్‌లోకి, అంటే భూమిని విడగొట్టిన నిలువు పట్టీల్లో ఒకదానిలోకి, మార్చుకోవాలి. అయితే 44, 45 జోన్ల మధ్య హద్దు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. గుణుపురం దానికి పడమర, పక్క గజపతి జిల్లాలోని పర్లాకిమిడి తూర్పు. రెండు ఊళ్లనూ ఒకే పటంలో కొలవాలంటే ఏదో ఒక జోన్‌ను ఎంచుకుని దానిలోనే అంతా ఉంచాలి. హద్దుకు ఇంత దగ్గరలో వచ్చే తేడా స్వల్పమే కనుక మేము 44తోనే సరిపెట్టుకున్నాము. సగం లేయర్లు, అంటే పటంలోని సమాచార పొరలు, ఒక జోన్‌లో, సగం మరో జోన్‌లో ఉంచి లెక్కలు కట్టడం మాత్రం చేయకూడని పని.

అసలు సరిహద్దు సంగతి ఇంతకంటే పెద్దది. ఒక కార్యాలయంలో గోడకు తగిలించిన ఉన్నత విద్యా పటం చూశాను. ఒడిశా సరిహద్దు గీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయి, అవతల అంతా తెల్లకాగితం. పర్లాకిమిడిని ఆనుకునే ఉన్న పాతపట్నం అందులో లేదు, రాయగడ వారు తరచూ వెళ్లి వచ్చే పార్వతీపురం లేదు. గుణుపురంలో మొదలయ్యే రైలు కాశీనగర్, పర్లాకిమిడి మీదుగా పాతపట్నం, టెక్కలి దాటి నౌపడాకు చేరుతుంది. 2011లో బ్రాడ్‌గేజ్ అయిన ఈ 90 కిలోమీటర్ల దారి రాష్ట్రాల గీతను పట్టించుకోదు, దానిలో ఎక్కే విద్యార్థి కూడా పట్టించుకోడు. అందువల్ల సరిహద్దు జిల్లా పటం గీసేవారు అవతలి వైపు కనీసం గంట ప్రయాణం మేరకు రోడ్లు, కాలేజీలు, ఊళ్లు కలుపుకుని తీరాలి. క్యూజీఐఎస్‌లో ఇది తేలిక, ఒడిశా, ఆంధ్ర లేయర్లను ఒక్క ఆదేశంతో కలిపేయవచ్చు. ఊళ్లను మాత్రం పేర్లతో కాక 2011 జనగణన ఇచ్చిన ఆరంకెల గ్రామ సంకేతాలతో కలపాలి. పర్లాకిమిడి ఒక జాబితాలో పరలఖెముండి, ఇంకో జాబితాలో పర్లాఖెముండి అయినప్పుడు పేర్లను నమ్ముకుంటే ఊళ్లు మాయమవుతాయి.

కలిపాక ఇంకో ప్రశ్న తలెత్తుతుంది. సరిహద్దు అవతలి కాలేజీ మా పిల్లవాడికి దూరం లెక్కన అందుబాటులో ఉంది, సీటు లెక్కన ఉందా? ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికతకు ముఖ్యంగా చూసేది అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకున్న మా పిల్లలు అక్కడ స్థానికేతరులే. కుల ధృవపత్రాల జాబితాలు కూడా రాష్ట్రానికొకటి. కనుక అక్కడ 100 సీట్లుంటే మా పిల్లల కోసం 15 మాత్రమే లెక్కలోకి తీసుకున్నాము, ఆ పదిహేనూ పోటీ పడాల్సినవే అని పటం కింద రాశాము. ఈ దిద్దుబాటు చేయకముందు సరిహద్దు పంచాయతీలన్నీ ముదురు ఆకుపచ్చగా, అంటే అందుబాటు ఎక్కువన్నట్టు, కలిగినవారి ఊళ్లలా వెలిగిపోయాయి. చేశాక వాటిలో కొన్ని తక్కువ అందుబాటును చూపే లేత పసుపుకు దిగాయి. ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను చెప్పలేని సంగతి ఇది.

సీట్లను కలిపే లెక్కకు ఆసుపత్రుల అధ్యయనాల నుంచి వచ్చిన రెండంచెల పద్ధతిని తీసుకున్నాము. 2003లో లువో, వాంగ్ అనే పరిశోధకులు వైద్యుల అందుబాటును కొలవడానికి దీన్ని వాడారు. మొదటి అంచెలో ప్రతి కాలేజీకి గంట పరిధిలో ఉన్న యువత సంఖ్యతో సీట్లను భాగిస్తాము. 300 సీట్లకు 3,000 మంది ఉన్నారనుకుంటే 0.1 వస్తుంది. రెండవ అంచెలో ప్రతి ఊరికీ గంటలో చేరగల కాలేజీల అంకెలన్నింటినీ కూడుతాము. వయసుల వారీ జనాభాకు వరల్డ్‌పాప్ అనే జనాభా అంచనాల సంస్థ ఇచ్చే వంద మీటర్ల గడుల సమాచారం పనికొచ్చింది. ఇంత లెక్కనూ ఎక్సెల్‌లో చేయడం కంటే క్యూజీఐఎస్ ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో చేయడమే సులువు, ఫలితం వెంటనే రంగుగా కనిపిస్తుంది. గంటకు కాస్త దాటిన ఊరు సున్నా కావడం ఈ పద్ధతి లోపం. గంట పదిహేను నిమిషాలతో కూడా ఒకసారి నడిపి చూడటం మంచిది.

సాయంత్రం బస్సు లేని ఊళ్ల కోసం మేము విడిగా ఒక లేయర్ పెట్టాము. ఆ వివరాలన్నీ బస్టాండుల్లో నిలబడి కండక్టర్లను అడిగి రాసుకున్నవే. పొద్దున్న కాలేజీకి తీసుకెళ్లే బస్సు ఉండి, నాలుగున్నర తరువాత తిరుగు బస్సు లేకపోతే ఆ దారిని లెక్క నుంచి తీసేశాము. ఆడపిల్లల విషయంలో ఇంట్లో పెద్దలు మొదట అడిగేది ఈ తిరుగు బస్సు గురించే. వానాకాలానికి వేరే పటం తప్పనిసరి. వాగులు పొంగి తెగిపోయే దారులను గుర్తుపెట్టి, ఆ ముక్కలను తొలగించి మళ్లీ నడపాలి. ఈ పని ఇంకా సగంలో ఉంది.

నేర్చుకోవడానికి ఓపిక ఉన్నవారికి, ముఖ్యంగా పంచాయతీ సమితులకూ కాలేజీ అధ్యాపకులకూ, ఈ సాఫ్ట్‌వేర్‌ను ధైర్యంగా సిఫారసు చేస్తాను. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది వేగం అడగకుండానే 50 అని మౌనంగా రాసేసుకున్నందుకు. లాంగ్ టర్మ్ రిలీజ్ అనే స్థిరమైన వెర్షన్‌నే దించుకోండి. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ మాకు సరిపోయింది. ఒక్క బ్లాకుతో మొదలుపెట్టి, సరిహద్దు అవతలి రోడ్లను మొదటి రోజే కలుపుకోండి, తరువాత కలపాలంటే లెక్కలన్నీ మళ్లీ చేయాల్సి వస్తుంది.