బరంపురం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: విమాన దూరం చూపే సైట్లను ఎంత నమ్మొచ్చు?

అమ్మాయి కాలిఫోర్నియాలో స్థిరపడినప్పటి నుంచి విమాన దూరం, ప్రయాణ సమయం చూపించే సైట్లను వాడుతూనే ఉన్నాను. మా బరంపురంలో తెలుగువాళ్లు ఎవరు పిల్లల దగ్గరికి బయల్దేరినా ముందు అడిగేది ఒకటే: "అక్కా, ఎన్ని గంటలు కూర్చోవాలి?" ఈ సైట్లు దానికి సగం జవాబే చెబుతాయి.

దూరం వరకు నమ్మొచ్చు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 12,400 కిలోమీటర్లు. అది భూగోళం మీద అన్నిటికన్నా దగ్గరి దారి, ఉత్తర ధ్రువం వైపు నుంచి పోతుంది. కానీ విమానం ఆ దారినే పోవాలని లేదు. ఎయిరిండియా అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు తిరిగి వెళ్లేది. 2016లో పసిఫిక్ మీదుగా మార్చారు. దూరం 15,300కు పెరిగింది, సమయం మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది! అంత ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జోరుగా గాలి వీస్తుంది. అటు వెళ్లే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఆ జోరు ఇంకా ఎక్కువ.

సైట్లకు ఈ గాలి లెక్క పట్టదు. దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి, రానూ పోనూ ఒకే సమయం చూపిస్తాయి. నాకు బాగా ఇబ్బంది అనిపించేది ఇదే. సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 13,600 కిలోమీటర్లు, పోవడానికి ఇంచుమించు పదిహేను గంటలు, తిరిగి రావడానికి పదిహేడు. దుబాయ్ నుంచి దూరం కాస్త తక్కువే, 13,000. అయినా దాదాపు పదహారు గంటలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ గంట తేడా చిన్నది కాదు.

టైమ్ తేడా మాత్రం చక్కగా చూపిస్తాయి. చలికాలంలో మనకన్నా పదమూడున్నర గంటలు వెనక, వేసవిలో పన్నెండున్నర. అందుకే ఢిల్లీలో తెల్లవారుజామున ఎక్కితే అక్కడ అదే తేదీన, పొద్దున్నే దిగుతాం.

ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా అయ్యే ప్రయాణం ఏ సైటులోనూ ఉండదు. మాకు భువనేశ్వర్ రైల్లో 166 కిలోమీటర్లు, వైజాగ్ 277. రైలు, ఎయిర్‌పోర్టులో ముందుగా చేరి ఎదురుచూడడం, ఢిల్లీలో విమానం మారడం, అక్కడ దిగాక ఇమిగ్రేషన్ క్యూ, అన్నీ కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి ముప్పై గంటలు వేసుకోవాలి. పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండేలా చూడండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, వేరే దాంట్లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే అవుతుంది, టెన్షన్ ఉండదు.

అక్టోబరులో అయితే ఒక రోజు ముందే భువనేశ్వర్ చేరుకోండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ ఆ నెలలోనే మన తీరాన్ని తాకాయి. తుఫాను వస్తోందంటే ముందు ఆగేది రైళ్లే.