ఓవరాక్టివ్ బ్లాడర్‌కి సాలిఫెనసిన్, ఆ తర్వాత మిరాబెగ్రాన్: ఏళ్ళ తరబడి వాడాక నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఓవరాక్టివ్ బ్లాడర్‌కి, అంటే మూత్రాశయం అదుపు లేకుండా బిగుసుకుని అర్జెంట్‌గా మూత్రం వచ్చే సమస్యకి, ఈ మందులు పనిచేస్తాయి. రెండు రకాలూ చాలాకాలం వాడాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తడం, గడియ తీసేలోపే చీర తడిసిపోవడం, రాత్రి నిద్ర ముక్కలు ముక్కలు కావడం, ఇవన్నీ నాకు సగానికి పైగా తగ్గాయి. పూర్తిగా పోలేదు, పోతాయని మా యూరాలజిస్ట్ (మూత్ర సమస్యలు చూసే డాక్టర్) కూడా చెప్పలేదు. కానీ పల్నాడులో పల్లెవెలుగు బస్సెక్కి స్కూలుకి వెళ్ళొచ్చే టీచర్‌ని, దారిలో ఎక్కడా ఆగే వీలుండదు, నాకు ఆ సగం తగ్గడమే పెద్ద విషయం. ఇన్నేళ్ళలో నాకు బాగా అర్థమైంది ఏంటంటే, ఈ మాత్రతో ఇబ్బంది వచ్చేది చాలాసార్లు దానితోపాటు మనం మింగే వేరే మాత్రల వల్లే. ఇది రాయడం కూడా అందుకే.

మాత్ర మొదలుపెట్టేముందు చేయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. యూరిన్ టెస్ట్, ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే ఏ క్రిమి ఉందో చూసే కల్చర్, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. మూత్రానికి వెళ్ళొచ్చాక బ్లాడర్‌లో ఇంకా ఎంత మిగిలిందో చూసే స్కాన్ కూడా నాకు చేశారు, అది చాలా ముఖ్యం, ఎందుకంటే సరిగ్గా ఖాళీ కాని బ్లాడర్‌కి ఈ మందులిస్తే ఉన్న మూత్రం అక్కడే బిగిసిపోయే ప్రమాదం ఉంది. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్ళు ఈ స్కాన్ సంగతి తప్పకుండా అడగండి. మూడు రోజులపాటు ఏం తాగాను, ఎప్పుడు వెళ్ళాను, ఎప్పుడు ఆగలేదు అని నోట్‌బుక్‌లో రాసి తీసుకెళ్ళాను. డాక్టర్ రిపోర్టుల కన్నా ఎక్కువసేపు ఆ కాగితమే చూశారు. సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక వరసగా తాగే టీల లెక్క అందులోనే బయటపడింది, అవి తగ్గించాక రాత్రిళ్ళు కొంచెం తేడా తెలిసింది. మా స్టాఫ్‌లో ఒక సార్‌కి కూడా ఇదే సమస్య అనుకున్నాం, తీరా చూస్తే ఆయన షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టారు, అది షుగర్‌ని మూత్రంలోకి తోసేసే మందు కాబట్టి మూత్రం ఎక్కువ రావడం మామూలే. ఆయనకి బ్లాడర్ మాత్ర అవసరమే పడలేదు.

నాకు మొదట ఇచ్చింది సాలిఫెనసిన్ 5 మిల్లీగ్రాములు, రోజుకొకటి. బ్లాడర్ కండరాన్ని బిగించమని చెప్పే నరాల సంకేతాన్ని ఇది అడ్డుకుంటుంది. ఆ సంకేతమే లాలాజల గ్రంథుల్లో, పేగుల్లో, కంటిలో కూడా పనిచేస్తుంది, అందుకే నోరెండిపోవడం, మలబద్ధకం, దగ్గరి అక్షరాలు మసకగా కనపడడం. నాకు మొదటి రెండూ వచ్చాయి. పాఠం చెప్పేటప్పుడు నాలుక అంగిటికి అంటుకుపోయేది. మలబద్ధకం ఇంకా ఇబ్బంది, పేగు నిండి ఉంటే అది బ్లాడర్ మీద ఒత్తుతుంది, మళ్ళీ అర్జెంట్‌గా వస్తుంది, అంటే మందు తెచ్చిన మేలు కొంత అక్కడే పోతుంది. జామకాయలు, ఆకుకూరలు, రాత్రి ఇసబ్‌గోల్‌తో దాన్ని అదుపులో పెట్టుకున్నాను. ఫలితం వెంటనే కనపడదని డాక్టర్ ముందే చెప్పారు, కొన్ని వారాలు ఆగాలి, ఈలోపు సొంతంగా రెండు వేసుకోకూడదు. ఈ మందు ఒంట్లోంచి పోవడానికి కూడా టైమ్ తీసుకుంటుంది, ఆపినా నోటి పొడి కొన్ని రోజులు ఉంటుంది.

మన దగ్గర ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఎండ. ఈ రకం మందులు చెమటని తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు, వడదెబ్బ తొందరగా తగులుతుంది. మాది రెంటచింతలకి దగ్గరి ప్రాంతం, మే నెల అక్కడ ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. పైగా ఈ జబ్బున్న ఆడవాళ్ళందరం చేసే పని ఒకటుంది, బయటికి వెళ్ళాలంటే పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తాం. చెమట పట్టక, నీళ్ళు తాగక, ఎండలో తిరిగితే ప్రాణం మీదికొస్తుంది. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి బ్లాడర్‌ని ఇంకా మండిస్తుంది కూడా. దయచేసి నీళ్ళు మానకండి, ఒకేసారి చెంబెడు తాగకుండా కొంచెం కొంచెంగా తాగండి, పడుకునే ముందు మాత్రం తగ్గించండి.

ఈ ఎండ గొడవ, నోటి పొడి రెండూ చూసి డాక్టర్ నన్ను మిరాబెగ్రాన్‌కి మార్చారు, మొదట 25 మిల్లీగ్రాములు. ఇది పనిచేసే తీరు వేరు, బ్లాడర్ నిండేటప్పుడు కండరాన్ని వదులు చేస్తుంది, అందుకే నోరు అంతగా ఎండదు. నాకు మలబద్ధకం కూడా దాదాపు పోయింది. కాకపోతే బీపీ పెంచవచ్చు. బీపీ అదుపులో లేకుండా 180/110 దాటి ఉన్నవాళ్ళకి ఇది ఇవ్వకూడదు. నాకు బీపీ ఉంది, మెటోప్రొలాల్ వాడేదాన్ని. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి పట్టుకెళ్ళడం నా అలవాటు, అందుకే ఆయన కంట్లో అది పడింది. మిరాబెగ్రాన్ వల్ల మెటోప్రొలాల్ ఒంట్లో మామూలుకన్నా ఎక్కువ మోతాదులో నిలుస్తుందట, నాడి మరీ నెమ్మదించవచ్చు. ఆయన మా బీపీ డాక్టర్‌తో మాట్లాడి ఆ మాత్ర మార్పించాకే ఇది మొదలుపెట్టారు. మొదట్లో ఇంట్లోనే మిషన్‌తో బీపీ చూసి రాసుకున్నాను, ఇప్పటికీ అప్పుడప్పుడు చూస్తాను. ఇది కూడా పూర్తిగా పనిచేయడానికి రెండు నెలల దాకా పట్టవచ్చు, మధ్యలో నిరాశపడి మానేసేవాళ్ళని చాలామందిని చూశాను.

సాలిఫెనసిన్ లాంటివి వాడేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. జలుబుకి షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. కడుపునొప్పి మాత్రల్లో డైసైక్లోమిన్ ఉంటుంది. నరాల నొప్పికి రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్ ఉంది. ఇవన్నీ అదే సంకేతాన్ని అడ్డుకునేవే, ఒకదాని మీద ఒకటి పడితే నోటి పొడితో ఆగదు, మూత్రం రాకుండా నిలిచిపోవచ్చు, పెద్దవాళ్ళకి తల తిరుగుడు, మతిమరుపు, తికమక కూడా రావచ్చు. మా అత్తగారికి ఒకచోట ఆక్సిబ్యుటినిన్ అని ఇదే రకం బ్లాడర్ మాత్ర రాశారు, అప్పటికే ఆవిడ నిద్రకీ జలుబుకీ ఏవో మింగుతున్నారని ఎవరూ అడగలేదు. ఆవిడ రాత్రిళ్ళు లేచి చనిపోయిన మామగారిని పిలవడం మొదలుపెట్టారు. మేం వయసు అనుకున్నాం. వేరే డాక్టర్ మందుల చీటీలన్నీ చూసి ఆ మాత్ర ఆపించాక ఆవిడ మామూలు మనిషయ్యారు. ఎనభై దాటిన మనిషికి ఆ మందు రాసేముందు ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది, ఆ కోపం నాకింకా పోలేదు.

మందుల షాపు దగ్గర స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చదవండి, లేదా పిల్లలతో చదివించుకోండి. మిరాబెగ్రాన్, సాలిఫెనసిన్ రెండూ కలిపిన మాత్రలు కూడా అమ్ముతారు, బ్రాండ్ పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, డాక్టర్ రాయకుండా కలిపినది వేసుకోకూడదు. మిరాబెగ్రాన్ నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్ర, సగానికి విరిచి మింగేవాళ్ళున్నారు, విరవకూడదు, నమలకూడదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్ళు సాలిఫెనసిన్ రకం మొదలుపెట్టేముందు కంటి డాక్టర్‌కి చెప్పాలి, కొన్ని రకాలకి అది అసలు పనికిరాదు. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పెట్టినా, మూత్రం వస్తున్నట్టుండి బొట్టు కూడా రాకపోయినా, పెదాలు, నాలుక వాచినా మర్నాటి దాకా ఆగకండి, హాస్పిటల్‌కి వెళ్ళిపోండి.

మిరాబెగ్రాన్ ధర ఎక్కువ, సాలిఫెనసిన్ కన్నా నెలకి బాగానే తేడా. నోటి పొడిని తట్టుకోగలిగితే, వయసు మరీ మీద పడకపోతే, ఎండలో తిరిగే పని లేకపోతే సాలిఫెనసిన్ కూడా మంచిదే, దాన్ని తక్కువ చేయను. మందుతోపాటు మూత్రాన్ని ఆపుకునే కటి కండరాలు బిగించే వ్యాయామం, అర్జెంట్‌గా అనిపించినప్పుడు పరిగెత్తకుండా కాసేపు నిలబడి బిగించి అప్పుడు వెళ్ళడం కూడా నేర్పించారు, అవి ఇంకా చేస్తున్నాను. పోయిన వేసవి సెలవుల్లో డాక్టర్ చెప్తేనే మాత్ర ఆపి చూశాం, కొన్నాళ్ళు బాగానే ఉంది, స్కూళ్ళు తెరిచే లోపు పరుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు తిరిగి 25 మీదే ఉన్నాను, పెంచాల్సిన అవసరం ఇంకా రాలేదు.