అరకులో ఆఫ్‌రోడ్ అని 4,800 తీసుకుని తారు రోడ్డు మీద తిప్పారు

ముందే చెప్తున్నా, అరకు వెళ్లేవాళ్లు ఆఫ్‌రోడ్ జీప్ సఫారీ అని ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టేయకండి. ఉగాది వెళ్లిన వారం నేను, మా ఆవిడ, మా బావమరిది వైజాగ్ నుంచి కార్లో బయల్దేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేదాకా ఏ ఇబ్బందీ లేదు, అనంతగిరిలో కాఫీ తాగి మధ్యాహ్నానికి అరకులో ఉన్నాం.

రూమ్ 3,200. లోయ కనబడుతుందన్నారు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు కనబడింది. రాత్రి తొమ్మిదికి కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి, ఫోన్ చేస్తే మోటారు పొద్దున్నే వేస్తాం అన్నాడు. మా ఆవిడ ఇంక మాట్లాడటం మానేసింది. వాళ్ల దగ్గరే బుక్ చేసిన సఫారీ రెండు గంటలకి 4,800, ఫొటోలో జీపు వాగులో నీళ్లు చిమ్ముకుంటూ పోతోంది, మమ్మల్ని మాత్రం తారు రోడ్డు మీదే తిప్పి ఒక తేనె షాపు దగ్గర, ఒక చాక్లెట్ల షాపు దగ్గర చెరో అరగంట ఆపి తీసుకొచ్చేశారు. మట్టి దారిలో ఒక్క కిలోమీటరు కూడా పోలేదు. అడిగితే లోపలికి దారి బాలేదు సార్ అన్నాడు. దారి బాగోకపోతేనే కదా మేం వచ్చింది! రూపాయి తిరిగివ్వలేదు.

మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర మా బావమరిది ఈ గొడవే చెప్తుంటే పక్కనే ఉన్న సర్వీసు జీపు (ఊళ్ల మధ్య జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపు) డ్రైవర్ విని, "ఏటి బాబూ, తారు రోడ్డుకి అంత ఇచ్చేరా, రండి నేను మా ఊరి కొండ మీదకి తీసుకెళ్తాను" అన్నాడు. సగం రోజుకి 2,200 మాట్లాడుకున్నాం.

హుకుంపేట రోడ్డులో కొంత దూరం పోయి ఎడమకి మట్టి దారిలోకి దింపాడు. ఎర్రమట్టి, మధ్యలో వానకి కోసుకుపోయిన గాడి, ఒక చక్రం గట్టు మీద, ఒకటి రాయి మీద. వాగు దగ్గర బండి ఆపి, దిగి, కర్రతో లోతు చూసొచ్చి, ఫోర్ వీల్ లివర్ వేసి ఎక్కడా ఆగకుండా మెల్లగా దాటించాడు. మా బావమరిది ముందు సీట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు.

పైన కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు, కింద కాఫీ కొమ్మలు పొడుగునా తెల్లగా పూసేశాయి, కొమ్మ మీద ఆకు కన్నా పువ్వే ఎక్కువ, వాసన అచ్చం మల్లెపూలదే. వేసవి వాన పడిన తొమ్మిది పది రోజులకి పూస్తాయట, మూడు నాలుగు రోజుల్లో వాడిపోతాయట. మా ఆవిడ జీపు దిగి ఆ తోటలోనే ఉండిపోయింది, రాత్రి నుంచి ఉన్న కోపం అక్కడ పోయింది. ఇంకాస్త పైన ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చి శుభ్రం చేసిన నేల మీద ఇద్దరు ఆడవాళ్లు పువ్వులు ఏరుతున్నారు. ఒకావిడ నా చేతిలో నాలుగు పెట్టింది, ద్రాక్షపండులా కండగా, తడిగా ఉన్నాయి, తింటే తియ్యగా ఉండి కాస్త మత్తు వాసన.

దిగేటప్పుడు ఇటుకల పండగ (అక్కడి గిరిజనులు చైత్రంలో చేసుకునే పండగ) అని ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు గెడ పెట్టి పాట పాడుతూ ఆపారు. యాభై ఇచ్చాం. చైత్రంలో వెళ్లేవాళ్లు చిల్లర ఉంచుకోండి, వాళ్లతో గొడవ పెట్టుకోకండి, అది వాళ్ల పండగ ఆనవాయితీ.

వచ్చేటప్పుడు బొర్రా దగ్గర కటికి జలపాతం జీపు కూడా ఎక్కాం, 1,200. దారి నిజంగా రాళ్ల దారే కానీ ఈ నెలల్లో నీళ్లు సన్నగా ఉన్నాయి, దానికోసమైతే వానలు పడ్డాక వెళ్లండి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచి కింద మేఘాలు చూడాలంటే చలికాలం, వలిసె (నూనెగింజల పంట) పూల పసుపు కూడా అప్పుడే. మట్టి దారులకి మాత్రం మార్చి, ఏప్రిలే మంచిది, వాగులు దాటేంత లోతులో ఉంటాయి. సొంత కారు ఆ దారుల్లోకి దింపకండి, కింద రాయి తగుల్తుంది. టీ కొట్టు దగ్గర నిలబడి సర్వీసు జీపు వాళ్లనే అడగండి, ఏ ఊరి మీదుగా తీసుకెళ్తారో ముందే చెప్పించుకోండి. మా డ్రైవర్‌కి 2,500 ఇస్తే మూడొందలు వెనక్కి ఇవ్వబోయాడు, మా ఆవిడ తీసుకోనివ్వలేదు.