ఫుషిమి ఇనారియా, ఇసేనా? ఒక్కరోజే ఉంటే ఏది మేలు?

జపాన్ ట్రిప్‌లో ఒక్క షింటో (జపాన్ వాళ్ళ సొంత మతం) గుడికే టైముంది, ఏది చూడమంటావ్ అని మా బావ అడిగాడు. అమ్మతో కలిసి రెండూ చూసొచ్చా కాబట్టి చెప్తున్నా.

వెళ్ళడానికి ఈజీ అంటే ఫుషిమి ఇనారినే. క్యోటో స్టేషన్లో జేఆర్ నారా లైన్ లోకల్ ఎక్కితే రెండో స్టాప్, బయటికొస్తే ఎదురుగానే గుడి, టికెట్ లేదు, 24 గంటలూ తెరిచే ఉంటుంది. 711లో మొదలైంది అంటారు. ఇనారి అంటే వరి దేవత, నక్కలు ఆ దేవత దూతలు, అందుకే ఎటు చూసినా నోట్లో వరికంకో తాళంచెవో కరుచుకున్న రాతి నక్కలే, నక్క తోక తొక్కాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు 😀 కొండ మీదకి దారి పొడుగునా వేల ఎర్ర టోరీలు, అంటే గుడి ద్వారాలు. ఎక్కేటప్పుడు తెలీదు గానీ దిగేటప్పుడు చూస్తే ప్రతి స్తంభం మీదా నల్ల అక్షరాలు, ఎవరిచ్చారు ఎప్పుడిచ్చారు అని, అచ్చం మన గుళ్ళో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లలాగే. కాకపోతే తొమ్మిది దాటితే సెల్ఫీల జనం, నడవలేం. ఆరింటికల్లా అక్కడుండాలి.

ఇసే అలా కాదు, క్యోటో నుంచి కింటెట్సు ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలు, పైగా రెండు గుళ్ళు. తిరుమలలో ముందు వరాహస్వామిని చూసినట్టు ఇక్కడ ముందు గెకూ (బయటి గుడి), తర్వాతే సూర్యదేవత అమతెరాసు ఉండే నైకూ (లోపలి గుడి). ఉజి వంతెన దాటి, ఇసుజు నదిలో చేతులు కడుక్కుని, పెద్ద పెద్ద చెట్ల మధ్య గులకరాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్తే చివర్లో కనిపించేది కంచె, ఒక తెల్లటి తెర, అంతే. ఫోటోలు కూడా మెట్ల కింద నుంచే. "దేవుడేడిరా?" అంది అమ్మ. లోపల అద్దం ఉందంటారు, ఎవరికీ చూపించరు. ఇంతలో గాలికి ఆ తెర కాస్త లేచింది, అందరూ గప్‌చుప్, అమ్మ తనంతట తనే దణ్ణం పెట్టేసింది.

ఇంకోటి, ఆ గుడిని 20 ఏళ్ళకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు, 2013లో కట్టారు, మళ్ళీ 2033లో. పాత గుడి అని వెళ్తే కొత్త కలప కనిపిస్తుంది, నాకైతే అదే నచ్చింది. బయట అకఫుకు మోచీ (బియ్యప్పిండి ముద్దలాంటి స్వీటు) తినండి, బూరెని తిరగేసినట్టు పూర్ణం పైనుంటుంది.

ఫోటోలు కావాలంటే ఫుషిమి, గుడికెళ్ళినట్టు ఉండాలంటే ఇసే. మా బావ ఎలాగూ ఆరింటికి లేచే రకం కాదు, ఇసేకే టికెట్ తీసుకోమన్నా.