.32 వెబ్లీ మార్క్ 4: పన్నెండేళ్ళ వాడకం తర్వాత

పాత రివాల్వర్ కొనడానికి వెళ్ళినవాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకోగానే నలుపు (ఉక్కు మీది నల్లని పూత) ఎలా మెరుస్తోందో చూస్తారు. వెబ్లీలో ముందు చూడాల్సింది గొళ్ళెం. ఈ తుపాకీ నడుం దగ్గర మడతపడి తెరుచుకుంటుంది. బారెల్ (గొట్టం), తూటాలు కూర్చునే సిలిండర్ రెండూ కలిసి ముందుకు వంగుతాయి. తూటా పేలిన ప్రతిసారీ ఆ రెండు సగాలనూ విడిపోకుండా పట్టుకునేది వెనక పైభాగాన ఉన్న ఆ గొళ్ళెమే. అదీ, కింద ఉన్న కీలూ గట్టిగా ఉంటే మిగతా లోపాల్లో చాలావాటితో సర్దుకుపోవచ్చు. ఆ రెండూ అరిగిపోయిన తుపాకీని అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవాల్సిందే.

ఇక్కడ చెప్పేది బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ తయారుచేసిన మూడంగుళాల బారెల్, సిలిండర్‌లో ఆరు తూటా గదులు ఉన్న .32 గురించి (.32 అంటే బోరు, గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో). విజయవాడ ఉక్కపోతలో పన్నెండేళ్ళు నిలవ ఉంటూ, రేంజ్‌కు వెళ్ళి వస్తూ ఉన్న తుపాకీ ఇది. ఆ కంపెనీ చేతి తుపాకుల తయారీని 1979లో ఆపేసింది కాబట్టి బర్మింగ్‌హామ్ ముక్క ఏదైనా నలభై అయిదేళ్ళు పైబడినదే. ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతోనే కొత్త .32లు వస్తున్నాయి. అవి వేరు సరుకు, వేరు ధర. బర్మింగ్‌హామ్ ముక్క మీద అక్కడి ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించే సంస్థ) ముద్రలుంటాయి. 1954 తర్వాతివాటికి కిరీటం కింద బి.ఎన్.పి. అక్షరాలు ఉంటాయి, అంతకు ముందువాటికి కిరీటం కింద బి.పి., బి.వి., ఎన్.పి. ముద్రలు వేరువేరుగా ఉంటాయి. భూతద్దంతో బారెల్ మీదా, సిలిండర్ గదుల మధ్యా వెతకాలి. ముద్ర అంచులు కరిగిన బెల్లంలా మెత్తబడి ఉంటే ఎవరో చక్రం మీద రుద్ది కొత్త నలుపు ఎక్కించారని అర్థం. స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం గిన్నెలా గుంటపడటం దానికి రెండో సాక్ష్యం. అసలు నలుపు అక్కడక్కడ గోధుమరంగు తిరిగినా సరే, దాన్నే ఎంచుకోవాలి.

మరి .32 మాత్రమే ఎందుకు? పెద్ద వెబ్లీల మీద మోజు ఎవరికైనా ఉంటుంది. 1915 నాటి మార్క్ 6 చేతిలో పడితే వదలబుద్ధి కాదు. కానీ సర్వీసు .380, .455 తూటాలు పట్టే రివాల్వర్లు మన ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ బోరు. మామూలు లైసెన్స్ మీద వాటిని కొనలేరు. రెండో ప్రపంచయుద్ధం నాటి మార్క్ 4లు, తొందరలో గరుకుగా వదిలేసి ఒంటి మీద ‘వార్ ఫినిష్’ అని ముద్ర కొట్టినవి, .380 తూటా పట్టే .38వే కాబట్టి అవీ ఆ కోవలోకే వస్తాయి. ‘వందేళ్ళు దాటితే లైసెన్స్ అక్కర్లేదు’ అని బజార్లో వినిపించే మాట నమ్మితే జైలు దాకా వెళ్ళాల్సి రావచ్చు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది రిపేరు చేసినా, చేయకపోయినా ఇక పేలని పాత ఆయుధానికే. వయసొక్కటే చాలదు. రిపేరుతో పేలగలదంటే దానికి లైసెన్స్ ఉండాల్సిందే.

కొనేముందు పరీక్షకు పావుగంట చాలు. కావలసినవి చిన్న టార్చి, తెల్ల కాగితం ముక్క, ఆటోనగర్‌లో ఏ స్పేరు పార్టుల కొట్లోనైనా దొరికే ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట). ముందు తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. మూసి, ఒక చేత్తో పిడినీ రెండో చేత్తో బారెల్‌నీ పట్టుకుని పైకీ కిందికీ, అటూ ఇటూ కదపాలి. టిక్కుమన్నా, చేతికి కదలిక తెలిసినా ఆ తుపాకీని వదిలేయండి. గొళ్ళెం దగ్గర వచ్చే కదలికకు ఓపికున్న లైసెన్సు గన్‌స్మిత్ దొరికితే మందు ఉంది. కీలు పిన్ను దగ్గర వచ్చేదానికి నాకు తెలిసి ఈ చుట్టుపక్కల మందు లేదు.

తర్వాత హ్యామర్‌ను (తూటాను కొట్టి పేల్చే సుత్తిని) బొటనవేలితో చాలా నెమ్మదిగా వెనక్కి లాగాలి. హ్యామర్ పూర్తిగా నిలబడే లోపే సిలిండర్ తాళంపడిన చప్పుడు రావాలి. ఆరు గదులకూ విడివిడిగా చూడండి, ఎందుకంటే అయిదు బాగుండి ఆరోది వెనకబడే తుపాకులు చాలా ఉంటాయి. వెనకబడిన గదిలో తూటా పేలితే గుండు బారెల్ అంచును గీరుకుంటూ వెళ్ళి సీసం పక్కకు చిమ్ముతుంది. పక్కన నిలబడినవాడి చెంపకు తగిలేది ఆ సీసమే. హ్యామర్ నిలబడ్డాక దాని వెనక బొటనవేలితో గట్టిగా తోయాలి, జారిపడకూడదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సిలిండర్‌ను పక్కకు తిప్పితే సూక్ష్మంగా కదలవచ్చు, గలగలలాడకూడదు. సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య సందు 0.10 నుంచి 0.25 మి.మీ. లోపు ఉండాలి. 0.30 గేజ్ సులువుగా దూరితే బేరం ఆపేయడమే.

బారెల్ లోపలికి కాగితం వెలుగులో చూస్తే చిన్నచిన్న తుప్పు గుంటలు కనిపిస్తాయి. సీసం గుండుకు వాటితో పెద్ద ఇబ్బంది లేదు, కడగడం మాత్రం కష్టమవుతుంది. భయపడాల్సింది ఉంగరంలా కనిపించే నల్లటి గీతకు. బారెల్‌లో ఒక గుండు ఇరుక్కుని ఉండగా ఇంకొకటి కాల్చారని ఆ గీతే చెబుతుంది.

పిడి రేకులు పాతవాటిలో వల్కనైట్ (గట్టి రబ్బరు). ఎండకు గోధుమరంగు తిరిగి, పెళుసెక్కుతాయి. స్క్రూ అతిగా బిగిస్తే చిటుక్కున పగులుతాయి. విడిభాగాలు దొరకవన్న సంగతి కొనే రోజునే గుర్తుపెట్టుకోవాలి. బ్రిటిష్ స్క్రూలకు గాడి సన్నం, మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల చెదురుతుంది. గాడికి సరిపోయేలా మొన అరగదీసుకున్నది ఒకటి విడిగా ఉంచుకోండి. లోపలి వి ఆకారపు స్ప్రింగును ఇంట్లో విప్పకండి. విప్పడం తేలికే, విరగ్గొట్టకుండా తిరిగి ఎక్కించడమే చేతకాని పని. ఆటోనగర్ లేత్‌లు ఎంత పనితనం ఉన్నవైనా తుపాకీని అక్కడికి పట్టుకెళ్ళకూడదు. ఆయుధాల రిపేరుకు విడిగా లైసెన్స్ ఉన్నవాళ్ళే దాన్ని ముట్టాలి.

తూటా విషయంలో ఎక్కువమంది పొరపాటు పడతారు, అందుకే ఇది వివరంగా. ‘.32’ అని ముద్ర ఉన్నంత మాత్రాన గది పొడవు తెలియదు. .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ తూటా కేసు పొడవు సుమారు 23 మి.మీ., దాని పూర్వపు పొట్టిదానికి 15 మి.మీ. పాత జేబు వెబ్లీల్లో కొన్ని పొట్టిదానికే చేసినవి. లాంగ్ తూటా గదిలోకి దానంతటదే జారి, అంచు దాకా కూర్చోవాలి. ఒత్తాల్సి వస్తే అది ఆ తుపాకీ తూటా కాదు. మన దేశంలో దొరికేవి కె.ఎఫ్. ముద్రతో వచ్చే సర్కారు తూటాలు. కె.ఎఫ్. అంటే పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ, ఇప్పుడు మ్యూనిషన్స్ ఇండియా కింద ఉంది. అదే ముద్రతో .32 పిస్టల్ తూటాలూ వస్తాయి. అవి రివాల్వర్ గదిలోకి దూరతాయి, ప్రమాదమంతా అక్కడే ఉంది. పిస్టల్ తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 20,500 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), రివాల్వర్ లాంగ్‌కు 15,000. ఆ తేడా భారమంతా గొళ్ళెం మీద, కీలు మీద పడుతుంది. పైగా పిస్టల్ తూటా అంచు సన్నం కావడంతో నక్షత్రం ఆకారపు తోపుడు పలక దాన్ని సరిగా పట్టదు. పెట్టె మీద ‘రివాల్వర్’ అన్న మాట చదివాకే డబ్బులివ్వండి.

కాల్పుల సంగతి. మామూలు లాంగ్ తూటాలో 98 గ్రెయిన్ల (సుమారు 6 గ్రాముల) సీసం గుండు, వేగం సెకనుకు 215 మీటర్ల దరిదాపు. వెనక తన్ను చాలా తక్కువ. ఒలింపిక్ తరహా 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీల్లో ఈ తూటానే చదును తల గుండుతో వాడటానికి కారణం ఆ మెత్తదనమే. 15 మీటర్ల దగ్గర, హ్యామర్ ముందే లాగి కాలిస్తే ఆరూ అరచేయంత చోటులో పడుతున్నాయి. ఉత్త ట్రిగ్గర్‌తో కాలిస్తే లాగుడు బరువు, చెదురుతాయి. ట్రిగ్గర్‌తో కాల్చేటప్పుడు అప్పుడప్పుడు ప్రైమర్ (తూటా వెనక నిప్పు పుట్టించే బిళ్ళ) మీద గుంట పడి కూడా పేలదు. స్ప్రింగు సత్తువ తగ్గడమే కారణం. అలాంటప్పుడు తుపాకీని లక్ష్యం వైపే పట్టుకుని ముప్పై సెకన్లు ఆగి తెరవాలి. చప్పుడు మామూలుకన్నా తక్కువగా వస్తే అసలు కాల్చడం ఆపేసి బారెల్ చూడాలి, ఇందాక చెప్పిన ఉంగరం పడేది అలాగే.

తెరిచేటప్పుడు సగంలో ఆపకుండా ఒకే ఊపున చివరిదాకా తెరవండి. నెమ్మదిగా తెరిస్తే ఖాళీ కేసు ఒకటి నక్షత్రం కిందికి జారి సిలిండర్‌ను బిగించేస్తుంది. కాలని మందు రేణువులు నక్షత్రం కింద చేరినా అదే బాధ, వాటికి పాత పళ్ళ బ్రష్ చాలు. మూసేటప్పుడు మాత్రం సినిమాల్లోలా మణికట్టుతో విసరకూడదు. గొళ్ళెం మీటను బొటనవేలితో నొక్కి, బారెల్‌ను చేత్తో పైకి తెచ్చి కూర్చోబెట్టి, అప్పుడు మీట వదలాలి. ఈ తుపాకీకి మీరు చేయగల మేలు ఇంతకంటే ఇంకేం లేదు.

ఇక తుప్పు. కృష్ణ ఒడ్డున ఆశ్వయుజ, కార్తీకాల తుఫాను వానల్లో నూనె లేని ఉక్కు మీద రెండు రోజులకే ఎర్రపొడి కనిపిస్తుంది. కాల్చిన రోజు సాయంత్రమే ఇత్తడి బ్రష్‌ను ద్రావకంలో ముంచి బారెల్‌లో పదిసార్లు, ప్రతి గదిలో అయిదుసార్లు లాగాలి. గుడ్డ ముక్కలు తెల్లగా వచ్చేదాకా తుడవాలి. కుట్టుమిషన్ నూనె పలచగా, కీలు దగ్గర ఒక్క చుక్క. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకు జిగురైపోతుంది. తోలు ఒరలో నిలవ పెట్టడం అన్నింటికంటే చెడ్డ అలవాటు. తోలు తేమను పీల్చి ఉక్కుకు అంటిస్తుంది, ఒర కుట్టు ఆనే చోటే తుప్పు మొదలవుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, తాళమున్న ఉక్కు పెట్టెలో రంగు మారే సిలికా జెల్‌తో ఉంచండి. నీలం పోయి గులాబీ రాగానే పొయ్యి వేడికి ఆరబెట్టి మళ్ళీ పెట్టొచ్చు. మా ఊళ్ళో నవంబరులో అది పదిహేను రోజుల పని, మేలో రెండు నెలలు ఊసే ఉండదు. పెట్టె మాత్రం మేడ మీద ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళలోకి ఎంత నీళ్ళు వచ్చాయో చూశాక బీరువా అడుగు సొరుగులో ఏదీ పెట్టబుద్ధి కాదు. ఒకవేళ నీళ్ళలో పడితే పిడి రేకులు తీసి, బురద పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, గాలికి ఆరనిచ్చి, నూనెతో తడిపి ఆ రోజే గన్‌స్మిత్ చేతిలో పెట్టాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా. విజయవాడ కమిషనరేట్ పరిధిలో లైసెన్స్ అధికారి పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేని గుంటూరు లాంటి చోట జిల్లా కలెక్టర్. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, లైసెన్స్ గడువు అయిదేళ్ళు. సొంతదారు దగ్గర నేరుగా కొంటే, అమ్మకం సంగతి ఆయన జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపాక నలభై అయిదు రోజులు గడవాలి. అమ్మేవాళ్ళు ఎంత తొందరపెట్టినా ఆ గడువు లోపు డబ్బు ఇవ్వకండి. ఆయన లైసెన్స్ పుస్తకంలోని నంబరునూ తుపాకీ చట్రం మీది నంబరునూ ఒక్కొక్క అంకె చొప్పున పోల్చుకోండి. పాత ముద్రల్లో 3, 8 తికమక పెడతాయి.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటే నెలల తరబడి అక్కడే ఉంటుంది. ఇచ్చేముందు లోపలా బయటా నూనె మందంగా పూసి, మైనపు కాగితంలో చుట్టి, ఆ మీద గుడ్డ సంచిలో పెట్టండి. రసీదులో బోరు, నంబరుతో పాటు ‘నలుపు బాగుంది, తుప్పు లేదు’ అని రాయించుకోండి. తిరిగి తీసుకున్న రోజు అక్కడే, వాళ్ళ ఎదుటే తెరిచి, ఆరు గదుల్లోకీ టార్చి వేసి చూసుకోండి.