కాళహస్తి గీతల్ని ఆకారాలుగా మార్చడం: గింప్, ఇంక్‌స్కేప్ జోడీ మీద సమీక్ష

శ్రీకాళహస్తి కలంకారీలోంచి ఒక నెమలినో లతనో విడదీసి పెళ్ళి పత్రిక మీదా, స్టిక్కర్ మీదా, చెక్క మీదా మళ్ళీ మళ్ళీ వాడుకోవాలంటే గింప్, ఇంక్‌స్కేప్ చాలు. రెండూ ఉచితమే. గింప్ ఫోటోల్నీ స్కాన్‌లనీ దిద్దేది, ఇంక్‌స్కేప్ ఆ గీతల్ని ఎంత పెంచినా చెదరని ఆకారాలుగా మార్చేది. అలా మార్చడాన్నే ట్రేస్ అంటారు. ఏళ్ళ తరబడి ఇదే పనికి వాడాక చెప్పగలిగిందేమంటే, ట్రేస్ సరిగా రావట్లేదని ఇంక్‌స్కేప్‌ను తిట్టుకునేవాళ్ళలో ఎక్కువ మంది తిట్టుకోవాల్సింది తమ స్కాన్‌ని. ట్రేస్ బటన్ నొక్కేసరికి పనిలో ముప్పావు వంతు గింప్‌లోనే అయిపోయి ఉండాలి. తిరుపతి డీటీపీ షాపుల్లో కోరల్‌డ్రా వాడేవాళ్ళే ఎక్కువ. అందులోని పవర్‌ట్రేస్‌కైనా కింద చెప్పే స్కాన్, శుభ్రం సంగతులు ఇలాగే పనికొస్తాయి.

కాగితం మీద ఇంకుతో గీసిన బొమ్మయితే గ్రేస్కేల్‌లో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. అర మిల్లీమీటరు గీత 300 డీపీఐలో దాదాపు 6 పిక్సెళ్ళు వస్తుంది, 600లో 12. ఆరు పిక్సెళ్ళ గీతలో కలం వాలిన చోట వచ్చే లావూ సన్నమూ సగం పోతుంది. స్కానర్‌లో ఉండే 'బ్లాక్ అండ్ వైట్' మోడ్ మాత్రం వద్దు. నలుపేదో తెలుపేదో అదే తేల్చేస్తే తర్వాత సర్దుకోవడానికి మన చేతిలో ఏమీ మిగలదు. జేపీజీగా కూడా దాచకండి. గీత అంచుల చుట్టూ బూడిద రంగు మరకలు చేరతాయి, అవే ట్రేస్‌లో రంపపు పళ్ళై తేలతాయి. పీఎన్‌జీ గానీ టిఫ్ గానీ మంచిది.

గుడ్డ సంగతి వేరు. కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డకు లేత పసుపు ఛాయ ఉంటుంది, పైన మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం. గీత మాత్రం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన కసిమి నలుపు. దీన్ని గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే ఎరుపూ నలుపూ ఒకే ముద్దవుతాయి. అందుకని రంగుల్లోనే స్కాన్ చేసి, గింప్‌లో కలర్స్ మెనూ, కాంపొనెంట్స్, డీకంపోజ్ ద్వారా ఛానెళ్ళు, అంటే చిత్రంలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు విడదీయాలి. రెడ్ ఛానెల్ చూడండి: పసుపు నేలా ఎరుపు రంగూ రెండూ తెల్లబడిపోతాయి, కసిమి గీత ఒక్కటే నల్లగా నిలబడుతుంది. ఈ పని మొత్తంలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితమిచ్చేది ఇంకోటి లేదు. నీలం నింపిన చోట ఇది పారదు, ఎందుకంటే రెడ్ ఛానెల్‌లో నీలం నల్లగానే ఉంటుంది. అక్కడి వరకు బ్లూ ఛానెల్ ముక్క, ఆకుపచ్చ ఉన్న చోట గ్రీన్ ఛానెల్ ముక్క తెచ్చి అతికించుకోవాలి. నీలం మరీ చిక్కగా పడిన చోట ఏ ఛానెలూ గీతను విడదీయలేదు, ఆ కాస్త చేత్తో గీసుకోవాల్సిందే.

స్కాన్‌కు ముందు గుడ్డను ఇస్త్రీ చేసి వెనక తెల్ల అట్ట పెట్టండి. ముడత మిగిలితే దాని నీడ కూడా గీతలాగే ట్రేస్ అవుతుంది. అయినా నేల ఒకచోట ముదురు, ఒకచోట లేత ఉంటే లేయర్‌ను డూప్లికేట్ చేసి, పై కాపీకి 100 నుంచి 200 పిక్సెళ్ళ గాసియన్ బ్లర్ ఇచ్చి, దాని మోడ్ డివైడ్‌కు మార్చండి. నేలంతా ఒకే తెలుపుకొస్తుంది. నేత పోగులు కనిపిస్తుంటే మీడియన్ బ్లర్ 2 లేదా 3. అంతకు మించితే వేళ్ళ కొనలు మొద్దుబారతాయి.

ఇక థ్రెషోల్డ్, అంటే ఒక అంకె కన్నా ముదురు పిక్సెళ్ళన్నిటినీ నలుపు, మిగతావన్నిటినీ తెలుపు చేసేయడం. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది వదిలేస్తారు. చిత్రాన్ని ఇంకా గ్రేస్కేల్‌లో ఉండగానే క్యూబిక్ పద్ధతిలో 200 శాతానికి పెంచి, ఆ తర్వాతే థ్రెషోల్డ్ వేయాలి. అంచున ఉన్న బూడిద పిక్సెళ్ళే గీత ఎటు వంగిందో చెప్పేవి. పెంచకుండా కోసేస్తే ఆ సమాచారం మెట్లు మెట్లుగా తెగిపోతుంది. పెంచాక రిజల్యూషన్ 1200గా మార్చుకోవడం మరవద్దు. లేదంటే 8 సెంటీమీటర్ల నెమలి ఇంక్‌స్కేప్‌లో 16 సెంటీమీటర్లై దిగుతుంది. ఇంపోర్ట్ చేసేటప్పుడు డీపీఐని ఫైలు నుంచి తీసుకోమని కూడా చెప్పాలి. ఏ4 మొత్తాన్ని ఇలా పెంచితే దాదాపు 14 కోట్ల పిక్సెళ్ళవుతాయి, మామూలు కంప్యూటర్ అక్కడే చతికిలపడుతుంది. మోటిఫ్ ఒక్కొక్కటీ విడిగా కత్తిరించుకోండి. 8 సెంటీమీటర్ల ముక్కంటే 3,780 పిక్సెళ్ళే.

థ్రెషోల్డ్ అంకె పెంచేకొద్దీ నలుపు పెరుగుతుంది. ఎక్కడ ఆపాలో తేల్చడానికి బొమ్మ మొత్తం చూసి లాభం లేదు, 400 శాతం జూమ్‌లో కన్ను దగ్గరికి వెళ్ళండి. కాళహస్తి బొమ్మల కళ్ళు పెద్దవి. పై రెప్ప గీతకూ కనుపాపకూ మధ్య సన్నని తెల్ల సందు ఉంటుంది. అంకె ఎక్కువైతే ముందు మూసుకుపోయేది ఆ సందే, కన్ను మసిబొట్టై కూర్చుంటుంది. తక్కువైతే ముందు తెగేది నగల దగ్గరి సన్న గీత. ఈ రెంటి మధ్య పొసగకపోతే కన్నుకు ఒక అంకె, మిగతా బొమ్మకు ఇంకో అంకె పెట్టుకోవచ్చు. తప్పేం లేదు.

ఇంక్‌స్కేప్‌లో షిఫ్ట్, ఆల్ట్, బి నొక్కితే ట్రేస్ బిట్‌మ్యాప్ తెరుచుకుంటుంది. వెనక పనిచేసేది పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్. సింగిల్ స్కాన్‌లో బ్రైట్‌నెస్ కటాఫ్ 0.45 అలాగే ఉంచండి, చిత్రం ఎలాగూ నలుపు తెలుపే. ఆలోచించాల్సింది స్పెకిల్స్ గురించి. అది పిక్సెళ్ళలో వైశాల్యం, అంతకన్నా చిన్న మచ్చలు పోతాయి. ముందే పెట్టి ఉండే 2 మన సైజుకు దేనికీ చాలదు. 1200 డీపీఐలో పదో వంతు మిల్లీమీటరు దుమ్ము 20 పిక్సెళ్ళ లోపే, అర మిల్లీమీటరు ముత్యపు చుక్క 440 పిక్సెళ్ళ దాకా. 60 నుంచి 100 మధ్య పెడితే దుమ్ము పోయి అంచులోని ముత్యాల వరస మిగులుతుంది. నేత మరకలు పోవాలని 500కు లాగితే ముత్యాల వరసే మాయం. ఇది నల్ల మచ్చల్నే కాదు, చిన్న తెల్ల రంధ్రాల్నీ పూడ్చేస్తుందని గుర్తుంచుకోండి. స్మూత్ కార్నర్స్ లతలకు 1.0 బాగుంటుంది. గోపురం మెట్లు, పెట్టెల అంచుల్లాంటి పదునైన మూలలకు 0.6కు దించాలి. ఆప్టిమైజ్ 0.2 నుంచి కదపనక్కర్లేదు.

ట్రేస్‌లో వచ్చిన పాత్‌ను (గీతల ఆకారాన్ని) పక్కకు జరిపి కింద మిగిలిన బిట్‌మ్యాప్‌ను తీసేయండి. దాన్ని మరిచిపోయి సేవ్ చేసి, ఎస్‌వీజీ (ఇంక్‌స్కేప్ ఫైలు) ఇంత బరువేంటని అడిగేవాళ్ళు చాలామంది. నోడ్ టూల్‌తో అన్నీ ఎంచుకుంటే ఎన్ని నోడ్లు (ఆకారాన్ని నిలబెట్టే బిందువులు) ఉన్నాయో కింద స్టేటస్ బార్‌లో కనిపిస్తుంది. ఒక నెమలికి వేలల్లో ఉంటే గింప్‌కు తిరిగి వెళ్ళడమే దారి. కంట్రోల్ ఎల్, అంటే సింప్లిఫై, ఇక్కడ ఊరిస్తుంది. బొమ్మ మొత్తానికి ఒకేసారి వాడితే పెద్ద వంపులు నునుపవుతాయి గానీ కళ్ళూ వేళ్ళూ కరిగిపోతాయి. వెంటవెంటనే నొక్కేకొద్దీ దాని పట్టు ఇంకా పెరుగుతుంది కూడా. ముక్కలుగా విడదీసి, పెద్దవాటికి మాత్రమే ఒక్కసారి వాడండి.

విడదీయడంలోనే అందరూ పడే గొయ్యి ఉంది. బ్రేక్ అపార్ట్ నొక్కగానే బొమ్మంతా నల్లబడుతుంది, లోపలి తెల్ల ఖాళీలు కూడా విడి ఆకారాలై నలుపు రంగు పులుముకుంటాయి. ఖాళీలు ఖాళీలుగానే ఉండాలంటే ఇంక్‌స్కేప్ 1.3లో వచ్చిన స్ప్లిట్ పాత్ వాడాలి. అలాగని బ్రేక్ అపార్ట్ పనికిరానిది కాదు. కాపీ మీద దాన్ని వాడి బయటి గీతను తీసేస్తే, మిగిలే లోపలి ఆకారాలే రంగులు నింపే గదులు. వాటిని గీత కింద పెట్టి అవుట్‌సెట్‌తో 0.2 మిల్లీమీటరు పెంచండి. పెంచకపోతే రంగుకూ గీతకూ మధ్య వెంట్రుక మందం తెలుపు కనిపిస్తుంది, అచ్చులో మరీ ఎక్కువ. పెయింట్ బకెట్‌తోనూ నింపొచ్చు. అది తెర మీది పిక్సెళ్ళను చూసి పనిచేస్తుంది కాబట్టి జూమ్ మారితే ఆకారమూ మారుతుంది, నమ్మకం తక్కువ.

ఇంక్‌స్కేప్ 1.0 నుంచి సెంటర్‌లైన్ ట్రేస్ కూడా ఉంది. గీతకు రెండు అంచులు కాకుండా మధ్యలో ఒకే గీత ఇస్తుంది. లేజర్‌తోనో సీఎన్‌సీతోనో (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం) గాడి తీసేటప్పుడు ఇదే కావాలి, మామూలు ట్రేస్ ఇస్తే ఒక్కో గీత మీద రెండుసార్లు తిరుగుతుంది. మాధవమాల ఊరి తరహా చెక్కపని నమూనాలకు దీన్నే వాడాలి. కలంకారీని కలంకారీలా చూపించాలంటే మాత్రం వద్దు. లావూ సన్నమూ పోయి తీగ వంచినట్టు మిగులుతుంది, గీతలు కలిసే చోట చిన్న కొక్కేలు కూడా వస్తాయి.

తయారైన ఆకారాన్ని సింబల్స్‌లో చేర్చి, ఆ ఎస్‌వీజీని యూజర్ సింబల్స్ ఫోల్డర్లో పెడితే ఏ ఫైల్లోనైనా దొరుకుతుంది. ఆల్ట్ డితో క్లోన్ చేస్తే అసలును దిద్దినప్పుడల్లా కాపీలన్నీ మారతాయి. అంచులకు టైల్డ్ క్లోన్స్, గుండ్రని చట్రాలకు పాటర్న్ అలాంగ్ పాత్. ఒక్క మాట: మచిలీపట్నం కలంకారీ అచ్చుల పని, ఒకే ఆకు వరసగా పడటం అక్కడ సహజం. కాళహస్తిది చేతి పని, ఏ రెండు ఆకులూ ఒకటి కావు. ఒకే ఆకును ఇరవైసార్లు పరిస్తే చూసిన వాళ్ళకి ఏదో తేడా కొడుతుంది. ఒకే లతలోంచి మూడు నాలుగు ఆకులు విడివిడిగా ట్రేస్ చేసి కలిపి వాడండి. బొమ్మ వేసిన కళాకారుణ్ణి ముందుగా అడగాలని వేరే చెప్పక్కర్లేదు.

ఫోటోషాప్ వాడేవాళ్ళకి ఈ పాత్‌ను షేప్ లేయర్‌గా తెచ్చుకుని డిఫైన్ కస్టమ్ షేప్ ఇస్తే సరిపోతుంది. గింప్‌లో పాత్స్ ప్యానెల్ నుంచి ఎస్‌వీజీని నేరుగా తెచ్చుకోవచ్చు. స్టిక్కర్ కటింగ్‌కు ఇచ్చేటప్పుడు ఒక మిల్లీమీటరు కన్నా సన్నని గీతలు లేకుండా చూసుకోండి, చుట్టూ ఉన్న వినైల్ తీసేటప్పుడు అవీ లేచి వస్తాయి. సీఎన్‌సీకి డీఎక్స్ఎఫ్ ఆర్14గా సేవ్ చేస్తూ బేస్ యూనిట్ మిల్లీమీటర్లకు మార్చండి.

ఈ జోడీతో తీరని ఇబ్బంది ఆఫ్‌సెట్ అచ్చు. ఇంక్‌స్కేప్ ఇచ్చే పీడీఎఫ్ ఆర్జీబీలో (తెర రంగుల్లో) ఉంటుంది. ప్రెస్‌లో దాన్ని సీఎంవైకేకు (అచ్చు వాడే నాలుగు ఇంకులకు) మార్చగానే గీతలోని నలుపు నాలుగు ఇంకుల మిశ్రమం అవుతుంది, ప్లేట్లు కాస్త జరిగినా సన్న గీత పక్కన ఎర్రటి నీడ పడుతుంది. ఫైలును స్క్రైబస్‌లోనో (పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రాం) ప్రెస్ వాళ్ళ కోరల్‌లోనో తెరిచి, గీతకు నలుపు 100, మిగతా మూడూ సున్నా పెట్టించి, ప్లేటుకు వెళ్ళేముందు విడి రంగుల ప్రూఫ్ అడిగి చూసుకోండి.